కీళ్లవాతము: అదను తప్పిన వైద్యము

మన యిండ్లలో వాతమను మాటకున్నంత పెద్ద కడుపు మరియొక మాటకు లేదు. మోకాలు నొచ్చినను వాతమే, నడుము పట్టినను వాతమే, మెడ తిరుగకపోయినను వాతమే. అరువది యేండ్లు దాటిన ముదుసలికి ఎముకలరిగి వచ్చిన నొప్పియు, ముప్పది యేండ్ల యిల్లాలికి వ్రేళ్ల కణుపులు వాచి వచ్చిన నొప్పియు ఆ యొక్క మాటలోనే యిమిడిపోవుచున్నవి. పేరొకటియైనంత మాత్రమున స్వభావమొకటి కాదు. మొదటి దానికి చికిత్స కొంత ఆలస్యమైనను నష్టము స్వల్పము. రెండవ దానికి ఆలస్యమే విషము. ఈ భేదమును వైద్యలోకము తెలిసికొనుటకు ఎంతకాలము పట్టెనో, తెలిసికొన్న పిదప ఆ తెలివి రోగి మంచము చెంతకు చేరుటకు మరియెంతకాలము పట్టెనో చెప్పుట ఈ వ్యాసమున మా యుద్దేశము. ఈ కథలో భీమవరమున పుట్టిన యొక తెలుగువాని పాలు చాల కలదు.

ముందుగా మా బంధువర్గములోని యొక గృహిణి సంగతి చెప్పుదుము. ఆమెకు ముప్పదినాలుగవ యేట, రెండవ కాన్పైన కొన్ని నెలలకు, తెల్లవారి లేవగానే వ్రేళ్లు ముడుచుట కష్టమయ్యెను. ప్రొద్దెక్కిన గాని పిడికిలి బిగియకుండెను. బట్టలు పిండుట, కుక్కరు మూత తీయుట, బిడ్డ చొక్కా గుండీలు పెట్టుట ఒక్కొక్కటిగా చేతకాని పనులయ్యెను. అత్తగారు బాలింత వాతమనిరి. పొరుగింటి పెద్దమ్మ వావిలాకు కాపడము పెట్టుమనిరి. పెనిమిటి మంచివాడే, పనిమనిషిని కుదిర్చి, ఇక నీకు విశ్రాంతి యనెను. ఒక వైద్యుడు నొప్పిబిళ్లలిచ్చెను. పిమ్మట నొకరు పేరులేని పొడిని పొట్లములుగా కట్టియిచ్చిరి. అది తిన్న మూడవనాటికి నొప్పి మాయమయ్యెను. మూడు నెలలకు ముఖము గుండ్రముగా ఉబ్బెను. పొడి మానగానే నొప్పి రెట్టింపయ్యెను. రెండున్నర సంవత్సరములు ఇట్లు గడచిన తరువాత కీళ్లజబ్బుల నిపుణునొద్దకు తీసికొనిపోగా, ఎక్స్‌రే చిత్రములో ఆమె వ్రేళ్ల యెముకల అంచులు చెదలు తిన్న వాసములవలె నుండెను. ఆ రెండున్నర సంవత్సరములలో మేమును ఆ యింటికి పలుమార్లు పోయి వచ్చిన వారమే. మేమును వాతమనియే తలయూపి, కాఫీ త్రాగి వచ్చితిమి.

ఈ వ్యాధికి వైద్యులు పెట్టిన పేరు రుమటాయిడ్ ఆర్థ్రైటిస్. మన దేహమునందు రోగములతో పోరుటకై ఒక సేన కలదు. వెలుపలినుండి సూక్ష్మక్రిములు చొరబడినప్పుడు వానిని గుర్తించి చంపుట దాని పని. ఏ కారణముననో ఆ సేనకు తనవారెవరో పరులెవరో తెలియని భ్రాంతి పుట్టి, కీళ్ల లోపలి పలుచని పొరమీద పడును. ఆ పొర వాచి, మందమై, కలుపు తీగవలె ప్రాకి, ప్రక్కనున్న మృదులాస్థిని, పిదప ఎముకను కొరికివేయును. వాపును మందుతో తగ్గింపవచ్చును గాని కొరుకుడు పడిన యెముక తిరిగి యథాస్థితికి వచ్చుట అరుదు. ఎముకకు తగులు ఈ తొలి దెబ్బ చాలమందికి మొదటి రెండు సంవత్సరములలోనే తగులును. వ్యాధి కీళ్లతోనే నిలువక ఊపిరితిత్తులను, గుండెను, రక్తనాళములను కూడ బాధించును. పురుషులకంటె స్త్రీలకు ఇది రెండు మూడు రెట్లధికముగా వచ్చును. ఢిల్లీ సమీపమున బల్లభ్‌గఢ్ ప్రాంతపు పల్లెలలో జరిపి 1993లో ప్రకటించిన పరిశీలనలో పెద్దవారిలో నూటికి 0.75 మందికి ఈ వ్యాధి యున్నట్లు తేలెను. నూరుమందిలో ఒకరికన్న తక్కువే గదాయని తోచవచ్చును. రెండు మూడు వందల గడపలున్న గ్రామములో అది నాలుగైదు వంటయిండ్ల సంగతి యగును.

దీనిని ప్రత్యేకముగా గుర్తించి వ్రాసిన తొలి వైద్యులలో ముఖ్యుడు ఆగస్టిన్ లాంద్రే-బోవే యను ఫ్రెంచి యువకుడు. 1800వ సంవత్సరమున పారిస్ నగరమందలి సాల్పెత్రియేర్ ఆసుపత్రిలో పనిచేయుచు, పట్టపరీక్షకై ఆయన ఒక చిన్న గ్రంథము సమర్పించెను. ఆ కాలమున కీళ్ల వాపనగానే వైద్యులు గౌటు అనుచుండిరి. గౌటు ధనవంతుల రోగము. మద్యమాంసములు సమృద్ధిగా సేవించు పురుషులకు వచ్చునది. వైద్యునికి పసిడినిచ్చి పిలిపించుకొనగల వారి రోగము గనుక దానిమీద గ్రంథములు కుప్పలుగా నుండెను. సాల్పెత్రియేర్‌లోని రోగులో, దిక్కులేని బీదస్త్రీలు. అట్టి తొమ్మండుగురి కీళ్లను పరీక్షించి, ఇది స్త్రీలకెక్కువగా వచ్చుచున్నది, పెక్కు కీళ్లను ఒక్కమారే పట్టుచున్నది, దీర్ఘకాలము నిలుచుచున్నది, దేహమును క్రుంగదీయుచున్నది, కావున మన మెరిగిన గౌటు కాదని ఆయన వ్రాసెను. దీనిని గౌటులోనే యొక జాతిగా తలంచుట ఆయన పొరపాటు. చూచినది మాత్రము సరిగా చూచెను. బీదరాండ్ర చేతులను అంత శ్రద్ధగా చూచిన వైద్యులు ఆనాడు ఎక్కువమంది లేరు.

మన మాధవనిదానమున ఆమవాతమని యొక ప్రకరణము కలదు గనుక ఇది మన వారికి వేయేండ్ల క్రిందటనే తెలియునని తృప్తిపడువారు కొందరు కలరు. మేమంత దూరము పోజాలము. ఆమవాత లక్షణములలో కొన్ని దీనిని పోలియున్న మాట నిజము; మరికొన్ని వేరు జ్వరములకును చెల్లును. పూర్వులు జాగ్రత్తగా చూచిరని గౌరవించుట వేరు, వారు చూచినది సరిగా ఇదేయని పట్టుపట్టుట వేరు.

లండను వైద్యుడగు ఆల్‌ఫ్రెడ్ గారడ్ 1848లో గౌటు రోగుల రక్తమున యూరిక్ ఆమ్లము మిక్కుటముగా నున్నదని చూపెను. ఆ పరీక్షతో రెండు వ్యాధులకు నడుమ గోడ లేచెను. యూరిక్ ఆమ్లము లేని యీ రెండవ వ్యాధికి 1859లో రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అని నామకరణము చేసినవాడును ఆయనయే. పేరు వచ్చెను గాని మందు రాలేదు. విల్లో చెట్టు పట్టనుండి వచ్చిన సాలిసిన్, పిదప 1899లో అంగడికి వచ్చిన ఆస్పిరిన్ నొప్పిని మాత్రము అణచెను. నొప్పి అణగినంత మాత్రమున వ్యాధి యాగదని తెలియుటకు ఫ్రెంచి చిత్రకారుడు రెన్వార్ చాలును. ఏబది యేండ్ల వయస్సున మొదలైన యీ వ్యాధి ఆయనను ఇరువది యేండ్లలో చక్రముల కుర్చీకి తెచ్చెను. వ్రేళ్లు అరచేతిలోనికి ముడుచుకొనిపోగా, గోళ్లు చర్మమును కోయకుండ గుడ్డలు చుట్టించుకొని, కుంచెను వ్రేళ్ల సందున ఇరికింపించుకొని, 1919లో చనిపోవువరకు చిత్రములు వ్రాసెను. జనులు ఆయన ధైర్యమును మెచ్చుదురు, మేమును మెచ్చెదము. కాని కుంచెకు బదులు గరిటెను ఇట్లే పట్టిన స్త్రీలు ఎందరో వారిని చూచి మెచ్చినవారు లేరు.

ఇరువదవ శతాబ్దారంభమున వైద్యులు దీనికి ఏదో మూలనున్న క్రిమియే కారణమని నమ్మి రోగుల పండ్లను, గొంతులోని టాన్సిల్సును పెరికివేయుచుండిరి. ఎందరో పండ్లులేని వారైరి; కీళ్లు మాత్రము బాగుపడలేదు. క్షయక్రిమికి దీనికి చుట్టరికము కలదేమోయని ఫ్రెంచి వైద్యుడు ఫారెస్టియే 1929లో బంగారపు లవణములను సూదిమందుగా ఇచ్చెను. ఊహ తప్పు, ఫలితము కొంత ఒప్పు. స్వీడను దేశమున ఆచార్యురాలు నన్నా స్వార్ట్స్ గారు అట్టి క్రిమిసిద్ధాంతమునే నమ్మి, ఒక సల్ఫా మందును సాలిసిలిక్ ఆమ్లముతో జతచేయించి సల్ఫసలాజిన్ అను నూతనౌషధమును పుట్టించిరి. ఆమె 1937లో ఆ దేశపు ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో ఆచార్యపదవి నందిన ప్రథమ మహిళ. 1940ల చివర కొందరు పరీక్షించి ఈ మందు పనిచేయదని వ్రాయగా అది మూలబడెను. సుమారు ముప్పది యేండ్ల తరువాత బర్మింగ్‌హామ్ వైద్యులు తిరిగి పరీక్షింపగా పనిచేయునని తేలెను. నేటికిని వాడుచున్నారు. ఈ ముప్పది యేండ్లను పాఠకులు గుర్తుంచుకొందురు గాక. ఇట్టిదే యింకొకటి ముందు రానున్నది.

దేహము తనపై తానే తిరుగబడునన్న మాటను పండితులు చాలకాలము విశ్వసింపలేదు. జర్మను పండితుడు పాల్ ఎర్లిక్, ప్రకృతి అట్టి ఆత్మద్రోహమునకు జంకునని 1900 ప్రాంతమున చెప్పియుండెను. అంతటివాని మాట గనుక అర్ధశతాబ్దము చెల్లెను. ఇంతలో నార్వే దేశీయుడు ఎరిక్ వాలర్ 1940లో ఒక వింతను ప్రకటించెను. ఈ రోగుల రక్తరసము, తగిన విధముగ సిద్ధపరచిన గొర్రె రక్తకణములను గుంపుకట్టించుచున్నది. 1948లో అమెరికాలో హారీ రోజ్ బృందము ఈ విషయమునే వేరుగా కనుగొనెను. నేడు మన పట్టణములలోని పరీక్షాశాలలు ఆర్.ఏ. ఫ్యాక్టర్ అని వ్రాసియిచ్చునది ఆ పదార్థమే. అది తన దేహమందలి ప్రతిరక్షకములపైననే పుట్టిన ప్రతిరక్షకమని 1950లలో తేలెను. పహరావాడు పహరావానినే పట్టుకొన్నాడన్నమాట.

1948వ సంవత్సరమే ఈ చరిత్రలో మిక్కిలి పెద్ద వింతకును సాక్షి. అమెరికాలోని మేయో వైద్యశాలలో ఫిలిప్ హెంచ్ అను వైద్యుడు, 1929లో ఒక రోగికి కామెర్లు వచ్చినప్పుడు కీళ్లనొప్పి తగ్గుటను గమనించెను. గర్భిణులకును ఆ తొమ్మిది నెలలు నొప్పి తగ్గుటను గమనించెను. దేహములోనే ఏదో యొక పదార్థము ఈ వ్యాధిని నిలుపగలదని ఆయన ఊహ. ఆయన సహోద్యోగి కెండాల్ మూత్రపిండముల మీది గ్రంథులనుండి వేరుచేసిన పదార్థమొకటి, పిదప కార్టిజోన్ అని పేరొందినది, 1948 సెప్టెంబరు 21వ తేదీన ఇరువదితొమ్మిదేండ్ల స్త్రీ కిచ్చిరి. మంచముపై తిరుగనైన లేకుండిన ఆమె వారము లోపల లేచి నడచి బజారునకు పోయి వచ్చెను. ప్రపంచమంతయు పండుగ చేసికొనెను. 1950లో హెంచ్, కెండాల్, రైఖ్‌స్టైన్ గార్లకు నోబెల్ బహుమానము వచ్చెను. కాని అధిక మోతాదుతో నెలల తరబడి వాడగా ముఖము ఉబ్బుట, ఎముకలు గుల్లబారుట, చక్కెర పెరుగుట, మందు మానగానే నొప్పి విజృంభించుట బయటపడెను. మా బంధువురాలు తిన్న పేరులేని పొడిలో నుండినదియు ఈ జాతి మందేయని పిదప వైద్యుడు చెప్పెను. తగిన మోతాదున, తగినన్నాళ్లు, వైద్యుని కన్నెదుట వాడిన ఇది నేటికిని మంచి సాధనమే. పొట్లములో పేరు దాచియిచ్చిన మాత్రము మోసము.

హెంచ్ గారి రోగి లేచి నడచుటకు ఆరు వారములు ముందు, ఆగస్టు నెలలో, న్యూయార్కు నగరమున ఏబదిమూడేండ్ల యెల్లాప్రగడ సుబ్బారావు నిద్రలోనే కన్నుమూసెను. 1895లో భీమవరమున పుట్టి, రాజమహేంద్రవరమున, చెన్నపట్టణమున చదివి, ఖద్దరు ధరించినందున వైద్యకళాశాలలో పూర్తి పట్టమునకు దూరమై, 1922లో బోస్టను చేరిన యీ మనుష్యుని కథ తెలుగువారు కొంత యెరుగుదురు. ఆయన సోదరులిద్దరిని స్ప్రూ యను గ్రహణివంటి వ్యాధి బలిగొనెను. ఆ వ్యాధికి, దానితో వచ్చు పాండురోగమునకు మందు కనుగొనవలెనన్న తపన ఆయనను విడువలేదు.

ఇచ్చట నొక్క యడుగు వెనుకకు పోవలెను. 1931లో బొంబాయిలో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు, మిల్లు కూలీలగు బీద గర్భిణులకు వచ్చు ఒక విధమగు రక్తహీనత ఈస్టు సారముతో కుదురునని కనుగొనియుండెను. ఆ సారములోని గుణమునకు మూలమైన పదార్థమే ఫోలిక్ ఆమ్లము. సుబ్బారావు నాయకత్వమున పెర్ల్ రివర్ పట్టణమందలి లెడర్లీ ప్రయోగశాలవారు 1945లో దానిని కృత్రిమముగ తయారుచేసిరి. ఫోలిక్ ఆమ్లము కణముల పెరుగుదలకు అవసరము. అట్లైన, చూపునకు దానివలెనే యుండి దాని పని చేయనీయని దొంగరూపు నొకదానిని చేసిన, మితిమీరి పెరుగు కణములు ఆగవా? ఈ ఆలోచనతో ఆ ప్రయోగశాలలో పుట్టినవి అమినోప్టెరిన్, పిదప మెథోట్రెక్సేట్. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ రక్తపు క్యాన్సరుగల బిడ్డలకు అమినోప్టెరిన్ ఇచ్చి, పదియారుగురిలో పదిమందికి తాత్కాలికముగనైనను గుణమిచ్చెనని 1948 జూనులో ప్రకటించెను. సుబ్బారావు చూచినది అంతవరకే.

1951లో న్యూయార్కు వైద్యుడు గబ్నర్, తన సహచరులతో, ఈ అమినోప్టెరినును కీళ్లవాత రోగులకిచ్చి చూచెను. వాపు తగ్గెను. ఆయన అది ప్రకటించెను. చదివినవారు చదివిరి, పుట త్రిప్పిరి. అది కార్టిజోన్ మోజులో లోకము మునిగియున్న కాలము. నడువలేని వానిని వారములో నడిపించు మందుండగా, నెలలకు గాని గుణమియ్యని, క్యాన్సరు పేరు మోయు మందెవరికి కావలెను? చర్మవ్యాధి వైద్యులు మాత్రము దానిని సోరియాసిస్‌కు వాడుచుండిరి. కార్టిజోన్ దోషములు బయలుపడిన పిదపనైనను చూపు ఇటు మరలలేదు. అమెరికాలోని ఏ మూలనో ఒకరిద్దరు వైద్యులు, హాఫ్‌మైస్టర్ వంటివారు, వారమునకొకసారి కొద్ది మోతాదున మెథోట్రెక్సేట్ ఇచ్చి బాగున్నదని 1972లో చెప్పినను పెద్దలు పెదవి విరిచిరి. కాలేయము చెడునని భయపడిరి. ఆ భయము పూర్తిగా నిరాధారమని మేమనము. కాని రోగి చేతులు కండ్లయెదుట వంకరపోవుట వారికంత భయము గొలుపకపోవుట విచిత్రము. తుదకు 1985లో మైకేల్ వైన్‌బ్లాట్ మొదలగువారు, కొందరికి మందును కొందరికి ఉత్త బిళ్లను ఇచ్చి, ఏది యెవరికో రోగికిని వైద్యునికిని తెలియకుండ జరిపిన పరీక్షను ప్రకటింపగా సంశయము తీరెను. 1988లో అమెరికా ప్రభుత్వశాఖ ఈ వ్యాధికి ఆ మందును అంగీకరించెను. గబ్నర్ వ్రాసిన నాటికి ముప్పదియేడేండ్లు. మందు లేక పోయిన కాలము వేరు. మందు అలమరలో నుండగా పోయిన కాలము వేరు.

మందు వచ్చినను మరియొక చిక్కు మిగిలెను. ఆనాటి వైద్యశాస్త్రము చికిత్సను పిరమిడువలె కట్టెను. అడుగున విశ్రాంతి, ఆస్పిరిన్. అవి చాలనిచో మరియొక మెట్టు. బలమైన మందు శిఖరమున. రోగి ఒక్కొక్క మెట్టున నెలలు, సంవత్సరములు కాచుకొనవలెను. ఎముక దెబ్బతిన్నదని చిత్రములో కనబడిన తరువాత గాని శిఖరము చేరకూడదు. ఇల్లు కాలిన తరువాత బావి త్రవ్వుట యనగా నిదియే. 1989లో విల్‌స్కీ, హీలీ యను అమెరికా వైద్యులు ఈ పిరమిడును కూల్చి తిరిగి కట్టవలెనని వ్రాసిరి. దానికి దృఢమైన సాక్ష్యము హాలండు దేశపు లైడన్ పట్టణమునుండి వచ్చెను. అచ్చట 1993లో కొత్తగా కీళ్లు వాచినవారికై ప్రత్యేకముగ ఒక వైద్యశాల తెరచిరి. మొదటి సంవత్సరములలో చేరినవారికి పాత పద్ధతిని సుమారు నాలుగు నెలల పిదప అసలు మందు మొదలుపెట్టిరి. 1996 నుండి చేరినవారికి సుమారు పదునైదు దినములకే మొదలుపెట్టిరి. రెండేండ్లకు చూడగా, ముందుగా మందు తిన్నవారి యెముకలకు తగిలిన దెబ్బ స్పష్టముగ తక్కువయని 2001లో ప్రకటించిరి. రెంటికిని తేడా మూడున్నర నెలలే. సేద్యగానికి ఈ సంగతి క్రొత్త కాదు. అదనున చల్లిన గింజయు అదను తప్పి చల్లిన గింజయు ఒక్కటే యైనను పంట యొక్కటి కాదు.

త్వరగా మందియ్యవలెనన్న త్వరగా గుర్తింపవలెను. 1987లో అమెరికా వైద్యసంఘము ఏర్పరచిన లక్షణములలో చర్మము క్రింది గడ్డలు, చిత్రములో ఎముక కొరుకుడు కూడ నుండెను. అవి ముదిరిన వ్యాధికి గుర్తులు. లేత వ్యాధికి అవి యెక్కడివి? 2010లో అమెరికా, ఐరోపా సంఘములు కలిసి కొత్త లక్షణములు వ్రాసి, వాచిన కీళ్ల సంఖ్యకు, రక్తపరీక్షకు ప్రాధాన్యమిచ్చినవి. ఆర్.ఏ. ఫ్యాక్టర్ ఆరోగ్యవంతులగు వృద్ధులలోను, ఇతర వ్యాధులలోను కనబడవచ్చును. ఈ వ్యాధిగలవారిలో కొందరికి కనబడకపోవచ్చును. 1998లో హాలండువారే కనుగొన్న సి.సి.పి. ప్రతిరక్షక పరీక్ష అంతకంటె నమ్మదగినది. దానివలన మరియొక విస్మయకరమగు సంగతి బయటపడెను. ఉత్తర స్వీడనులోను, ఆమ్‌స్టర్‌డామ్‌లోను ఆరోగ్యవంతులిచ్చిన రక్తమును శీతలపేటికలలో దాచియుంచిరి. వారిలో పిదప కీళ్లవాతము వచ్చినవారి పాత రక్తమును 2003, 2004 సంవత్సరములలో ప్రకటించిన పరిశోధనలలో పరీక్షింపగా, మొదటి కీలు నొవ్వకమునుపు కొన్ని సంవత్సరముల క్రిందటనే ఆ ప్రతిరక్షకములు అందులో నుండెను. చిగుళ్లలోనో, ఊపిరితిత్తులలోనో ఈ భ్రాంతి మొదట పుట్టునని పండితులు అనుమానించుచున్నారు. పొగత్రాగుట దానికి దోహదమని తేలినది.

మెథోట్రెక్సేట్ అందరికిని చాలదు. దానికి లొంగని వారికై లండనులో మార్క్ ఫెల్డ్‌మన్, పంజాబులో జన్మించిన రవీందర్ మైనీ గార్లు, వాపును రగిల్చు టి.ఎన్.ఎఫ్. అను పదార్థమును అడ్డగించు ప్రతిరక్షకమును 1992లో తొలుత రోగులకిచ్చి చూచి జయించిరి. ఆ జాతి మందులు 1990ల చివర అంగడికి వచ్చినవి. నిద్రాణమైయున్న క్షయ వీనివలన మేల్కొనునని 2001లో తెలియుటచే, మన దేశమున ముందుగా క్షయపరీక్ష చేయనిదే వీని జోలికి పోరాదు. వెలయు అధికము.

ఇక ఇంటివారు చూడవలసిన దేమి? ఉదయము లేచిన తరువాత అరగంటకు మించి కీళ్లు బిగిసియుండుట. మూడు లేక అంతకు మించిన కీళ్లు వాచుట. అరచేతి మొదలునను పాదపు ముందుభాగమునను వరుసగానున్న కణుపులను ప్రక్కలనుండి కలిపి నొక్కిన నొప్పి పుట్టుట. ఈ మూడింటిలో ఏది కనబడినను నిపుణుని చూపుమని 2002లో కొందరు వైద్యులు కలిసి సలహా వ్రాసిరి. కీళ్లు వాచిన ఆరు వారములలో నిపుణుని చూడవలెననియు, వ్యాధి నిలిచెడు సూచనలున్నచో మూడు నెలలలోపల అసలు మందు మొదలుకావలెననియు ఐరోపా సంఘము చెప్పుచున్నది. ముసలితనపు అరుగుదల వ్రేళ్ల చివరి కణుపులను పట్టును. ఈ వ్యాధి సాధారణముగా వానిని విడిచి, మొదలు, నడుమ కణుపులను పట్టును. నొప్పి రెండు చేతులకును ఒకే తీరున నుండుటయు ఒక గుర్తు. ఈ పరీక్షకు యంత్రము అక్కరలేదు. కాని మన యిండ్లలో ఇల్లాలి చేతులను పట్టి చూచువారెవరు? ఆమె పని ఆగినప్పుడు గాని ఆమె నొప్పి వార్త కాదు. పనిమనిషిని కుదిర్చిన పెనిమిటి దయను మేము తక్కువ చేయము. ఆ దయ వలననే ఆమె యాసుపత్రికి పోవుట రెండేండ్లు వెనుకబడెనన్న మాటయు దాచము.

మెథోట్రెక్సేటును గూర్చి ఒక హెచ్చరిక అవశ్యము. అది వారమునకొకసారి మాత్రమే వేసికొనవలసిన మందు. దినదినము వేసికొని ప్రాణము మీదికి తెచ్చుకొన్నవారు పెక్కుచోట్ల కలరు. కావున ఏ వారమో చీటిమీద తెలుగులో వ్రాయించుకొనవలెను. నడుమ నడుమ రక్తమును, కాలేయమును పరీక్షింపించుకొనవలెను. ఇది గర్భస్థ శిశువునకు హానికరము. బిడ్డను కోరు స్త్రీ ముందుగనే వైద్యునితో చెప్పి వేరు మందునకు మారవలెను. కొత్త కోడండ్రు సిగ్గుచే ఈ మాట వైద్యునితో చెప్పలేరు. ఇంటి పెద్దలే మాట కదపవలెను.

ఇప్పుడు పండితులు ఇంకను ముందుకు పోయి, కీలు వాచకమునుపే వ్యాధి నాపజూచుచున్నారు. 2022లో లైడన్‌వారు, వాపు రాక కేవలము నొప్పులున్నవారికి ఏడాది పాటు మెథోట్రెక్సేట్ ఇచ్చి చూడగా వ్యాధి రాకమానలేదు గాని నొప్పి, బిగింపు తగ్గినవి. 2024లో ఇంగ్లండు, హాలండు వైద్యులు రక్తములో ప్రతిరక్షకములుండి కీళ్లు నొచ్చుచున్నవారికి అబాటసెప్ట్ అను సూదిమందు ఏడాది పాటు ఇచ్చిన ఫలితము ప్రకటించిరి. ఆ ఏడాదిలో మందు పొందినవారిలో నూటికి 6గురికి, ఉత్త సూది పొందినవారిలో నూటికి 29 మందికి వ్యాధి పైబడెను. రెండవ యేడు ముగియునప్పటికి ఆ లెక్క 25, 37 అయ్యెను. మందు ఆపగానే అంతరము తగ్గినదన్నమాట. వ్యాధి వాయిదా పడినది, రద్దు కాలేదు. వాయిదాయైనను చిన్న సంగతి కాదని, ఒక తల్లి బిడ్డ నెత్తుకొనగల సంవత్సరములను లెక్కించుకొనువారికి తెలియును.

మా బంధువురాలు ఇప్పటికి తొమ్మిదేండ్లుగా మందు తీసికొనుచున్నది. వాపు లేదు, ఉదయపు బిగింపు లేదు. ప్రతి ఆదివారము రాత్రి భోజనమైన పిదప మెథోట్రెక్సేట్ బిళ్లలు మ్రింగును. దాని వలన నోరు పూయకుండ, కడుపు త్రిప్పకుండ, మరునాడు ఫోలిక్ ఆమ్లము బిళ్ల వేసికొనును. అసలు రూపును, దొంగరూపును రెండును ఆ పెర్ల్ రివర్ ప్రయోగశాల వారివే. సుబ్బారావు పేరు ఆమె మొదట మా వలననే వినెను. మొన్న మేము పోయినప్పుడు కాఫీ గిన్నె తానే తెచ్చెను. కుడిచేతి చిటికెన వ్రేలును దాని ప్రక్క వ్రేలును మాత్రము ప్రక్కకు వాలియే యున్నవి. అవి ఆ రెండున్నర సంవత్సరములలో వాలినవి.